ఒంటిచేతి బిగింపు

ఆ ఇంటికి అల్లుళ్లిద్దరు. పెద్దల్లుడు టవరెక్కుతాడు, చిన్నల్లుడు కింద తాడు పట్టుకుంటాడు. ఒకే కాంట్రాక్టరు దగ్గర పని, ఒకే వ్యానులో ప్రయాణం, ఒకే గిన్నెలోంచి నింపిన క్యారేజీలు. అయినా సాయంత్రం ఇద్దరూ కలిసి గుమ్మంలో కాలు పెడితే అత్తగారు కుర్చీ లాగేది పెద్దల్లుడికే. ఎంత అలిసిపోయారో అల్లుడుగారు అంటుంది. ఆ పక్కనే నిలబడ్డ చిన్నల్లుడితో, అబ్బాయ్, ఆ ఫ్యాను కాస్త వెయ్యి అంటుంది. ఆమెలో కపటం ఏమీ లేదు. ఎత్తుకి ఎక్కినవాడు అలిసిపోతాడు, నేలమీద నిలబడ్డవాడు నిలబడే ఉంటాడు కదా అన్నది ఆమె లెక్క. తాడు రెండో కొసన ఎంత బరువుంటుందో చూడమని ఆమె చేతికి ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.

చిన్నల్లుడికీ ఎక్కాలని ఉంది. శిక్షణకు వెళ్లాడు, పరీక్ష గట్టెక్కాడు, ఎక్కడానికి అర్హుడని రాసిన కార్డు పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు. ఆ మాట ఎప్పుడెత్తినా పెద్దల్లుడు నవ్వేసేవాడు. "అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరు తమ్ముడూ?" అనేవాడు. వ్యానులో అందరూ నవ్వేవారు. సామెతకు ఎదురు చెప్పడం కష్టం కాబట్టి చిన్నల్లుడూ నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజంతా మళ్లీ మాట్లాడేవాడు కాదు. తాడూ బొంగరం లేనివాడని లోకంలో కొందరిని అంటారు గానీ మనవాడికి తాడైతే ఉంది అని డ్రైవరు ఏడిపించేవాడు.

ఆ వారం పని ఒక చిన్న రేడియో స్టేషన్లో పడింది. స్టేషనంటే మూడు గదుల భవనం, వెనక ముళ్లకంచె, కంచె మధ్యన టవరు. పాత కేబుల్లోకి నీళ్లు దిగి, వాన పడ్డప్పుడల్లా ప్రసారం గురక పెడుతోందని కొత్తది వేయిస్తున్నారు. ఈ కేబుల్ ఇళ్లలో టీవీకి వేసే సన్నతీగ కాదు. బొటనవేలికన్నా లావు. పైన నల్లటి తొడుగు, దాని కింద ముడతల రాగి గొట్టం, గొట్టం నిండా నురుగు గట్టిపడినట్టుండే తెల్లటి సరుకు, నడుమన రాగి కడ్డీ. గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయిందంటే పైకి వెళ్లాల్సిన ప్రసారంలో కొంత అక్కడినుంచి వెనక్కి తన్నుకొస్తుంది. అందుకని దీన్ని వంచకూడదు, తొక్కకూడదు, రాళ్లమీద ఈడ్వకూడదు.

చిన్నల్లుడు డ్రమ్ము మధ్యలోంచి ఇరుసు దోపి, రెండు జాకీల మీద ఎత్తి నిలబెట్టాడు. డ్రమ్మును పడుకోబెట్టి చుట్టలు చుట్టలుగా ఊడలాగితే పని తొందరగా తెములుతుంది గానీ కేబుల్ మెలికపడుతుంది. డ్రమ్మును చేత్తో తిప్పుతూ, కేబుల్ దానంతటది దిగేలా చూడాలి. కంచె దగ్గర నేలంతా కంకరగా ఉందని గోనెసంచులు పరిచాడు. కేబుల్ కొసకు చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ టోపీ పెట్టి టేపు చుట్టాడు. ఆ తర్వాత ఇనుప తీగలతో అల్లిన మేజోడు తొడిగాడు. పనివాళ్లు దాన్ని మేజోడనే అంటారు. కేబుల్ మీదికి సులువుగా ఎక్కుతుంది, బరువు పడినకొద్దీ పట్టు బిగిస్తుంది. టవరు పైన ఆ మేజోడును కొక్కేనికి తగిలిస్తే కేబుల్ బరువంతా అదే మోస్తుంది. దారిపొడుగునా కేబుల్‌ను టవరు కాలికి బిగించే క్లాంపుల పని బరువు మోయడం కాదు, గాలికి కేబుల్ ఊగకుండా ఆపడమే.

పెద్దల్లుడు ఆ ఉదయం బెల్టు కట్టుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. కట్టుకున్న బకిల్‌ను విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత మామూలుగానే ఎక్కాడు. పైన కప్పీ కట్టి తాడు వదిలాడు. తాడును రెండుసార్లు లాగితే ఎత్తమని, ఒకసారి లాగితే ఆపమని, మూడుసార్లు లాగితే వదలమని వాళ్ల భాష. చిన్నల్లుడూ డ్రైవరూ కలిసి లాగారు. కేబుల్ గోనెల మీదుగా పాకి, టవరు కాలి పక్కనుంచి లేచి, మెల్లగా పైకి పోయింది. ఒక లాగుడు వచ్చింది, ఆపారు. మేజోడు కొక్కేనికి పడింది. ఇక పైనుంచి కిందికి ఒక్కొక్క క్లాంపూ బిగించుకుంటూ రావడమే మిగిలింది. దానికి తాడుతో పెద్దగా పనిలేదు.

పనిలేకపోయినా తాడు మధ్యమధ్యలో కదిలేది. ఊరికే ఒక లాగుడు. ఆపడానికి అక్కడ ఏదీ నడవడం లేదు. ఈమధ్య ప్రతి టవరు దగ్గరా ఇదే వరస. చిన్నల్లుడు తనూ ఒకసారి లాగి బదులిచ్చేవాడు. కింద నిద్రపోతున్నానేమోనని పరీక్షలా అనుకుని లోపల మండిపడేవాడు. కాసేపటికి పైనుంచి కేక వినిపించింది, పొడుగుపిడి పానా కావాలని. క్లాంపులకు పొట్టిపానా చాలు, ఇంకా చెప్పాలంటే వేళ్లే చాలు. ఎందుకో చిన్నల్లుడికి అర్థం కాలేదు. అడిగినది ఇవ్వడం కిందివాడి పని కాబట్టి సంచిలో వేసి పంపాడు.

మర్నాడు కేబుల్ కింది కొసకు మీటరు తగిలించి చూసింది స్టేషన్ ఇంజనీరమ్మ. మనిషి తక్కువ మాట్లాడుతుంది. తెరమీద తిన్నగా సాగాల్సిన గీత పైసగంలో రంపపు పళ్లలా లేచి ఉంది. కేబుల్ నొక్కుకుపోయింది, ఇది పనికిరాదు, ఈ స్థితిలో నేను తీసుకోను అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

కాంట్రాక్టరు కాసేపు తలుపువంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. అత్తమీద కోపం దుత్తమీద చూపించడానికి దుత్త ఎదురుగానే ఉంది. ఆయన తర్కం కూడా గట్టిదే. ఇప్పుడు పైన వేలాడుతున్న సగం డ్రమ్ములోంచి మొదట దిగిన సగం. మొదట దిగినదాన్ని నేలమీద పట్టుకున్నది ఎవరు?

"నేనే. కానీ నేను వంచలేదండి" అన్నాడు చిన్నల్లుడు.

"నువ్వు వంచకపోతే అదే వంగిందా?"

గోనెలు పరిచానని, డ్రమ్ము నిలబెట్టే తిప్పానని చెప్పబోయాడు. వినేవాడు వినదలచుకోనప్పుడు గోనెల సంగతి ఎంత నిజమైనా సాకులాగే ఉంటుంది. డ్రైవరు టైర్లు తన్ని చూసుకుంటున్నాడు. చిన్నల్లుడు పెద్దల్లుడివంక చూశాడు. ఇన్నేళ్లుగా తన చేతిపని చూసిన మనిషి, ఒక్క మాట చెబితే సరిపోయే మనిషి. పెద్దల్లుడు క్యారేజీ మూత తీసి, మళ్లీ పెట్టి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాడు.

కొత్త డ్రమ్ము తెప్పించాలని, ఈ పని తెమిలేదాకా ఉండమని, ఆ తర్వాత నీ దారి నువ్వు చూసుకోమని కాంట్రాక్టరు చెప్పాడు. అరవలేదు. అరిచి ఉంటే రేపటికి చల్లారుతుందన్న ఆశ ఉండేది.

ఇంటికి చేరేలోపలే కబురు చేరింది. అత్తగారు కుర్చీ లాగి, పాపం అంత ఎత్తున ప్రాణాలకు తెగించి చేసిందంతా వృథా అయిపోయిందే అని పెద్దల్లుడికోసం బాధపడింది. చిన్నల్లుడిని తిట్టలేదు. పని చేతకానివాణ్ని చూసినట్టు జాలిగా చూసింది. దానికన్నా తిట్టే నయం. పెద్దల్లుడు తలనొప్పి అని చెప్పి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

వంటింట్లో భార్య గిన్నెలు కడగడం ఆపి అడిగింది. "మీరు వంచారా?"

"లేదు."

"మీరు వంచలేదని బావకి తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

చిన్నల్లుడి దగ్గర ఉన్నది ఒక అనుమానమే. తను ఎక్కడం ఇష్టంలేనివాడికి తను అసలు లేకపోవడం ఇంకా ఇష్టమేమో అనుకున్నాడు. అనుకున్నందుకు అన్నం సయించలేదు.

పొద్దున్నే ఇంజనీరమ్మ అందరినీ లోపలికి పిలిచింది. రాత్రి ఆ గీతను మళ్లీ చూసిందట. పళ్లన్నీ సమదూరంలో ఉన్నాయి. నేలమీద రాయి తగిలితే ఒకచోట తగులుతుంది, ఇంకోచోట తగలదు, ఇలా కొలిచినట్టు రాదు కదా అంది. కొలిచినట్టు ఉండేవి క్లాంపులే. ఎవరైనా ఎక్కి చూడమంది.

కాంట్రాక్టరు పెద్దల్లుడికి సైగ చేశాడు. పెద్దల్లుడు బెల్టు కట్టుకున్నాడు, టవరు దగ్గరికి వెళ్లాడు, కమ్మీమీద చెయ్యి వేశాడు. వేసి అలాగే ఉండిపోయాడు. ఎండ మొహం మీద పడుతోంది. బకిల్ సవరించుకున్నాడు. బూటు లేసు కట్టుకున్నాడు. మళ్లీ కమ్మీమీద చెయ్యి వేశాడు. ఏమయ్యా, ముహూర్తం ఇంకా రాలేదా అని కాంట్రాక్టరు వెనకనుంచి అన్నాడు.

"నేనెక్కుతాను" అన్నాడు చిన్నల్లుడు. "మాట పడ్డవాణ్ని నేను. నా కళ్లతో చూసుకుంటాను."

పర్సులోంచి కార్డు తీసి ఇంజనీరమ్మకు చూపించాడు. ఆమె చూసి తలూపింది. పెద్దల్లుడు పల్లకీ సామెత చెప్పలేదు. బెల్టు విప్పి తమ్ముడి చేతికిచ్చి, తాడు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

ఒక కొక్కెం తగిలించడం, రెండోది తీయడం, ఇంకాస్త పైన తగిలించడం. చిన్నల్లుడు ఇన్నాళ్లు కలలుగన్న ఎక్కడం ఇదే గానీ సంతోషించే తీరిక లేదు. కోపంతో ఎక్కాడు. కింది క్లాంపుల దగ్గర ఆగి చూశాడు. అన్నీ బాగున్నాయి. క్లాంపు బిగించడానికి రెండు చేతులు కావాలి. ఎడమ బొటనవేలు కేబుల్ మీద ఆనించి ఉంచాలి, కుడిచేత్తో బోల్టు తిప్పాలి. వేలికింద కేబుల్ కదలడం మానిందంటే అక్కడితో ఆపాలి. కేబుల్‌ను పట్టుకోవాలి గానీ పిసకకూడదని శిక్షణలో మొదటి రోజే చెబుతారు. ఇవి అలా పట్టుకున్నవే.

సగం దాటాక వరస మారింది. క్లాంపు రెండు చిప్పలూ ఒకదానికొకటి ఆనేదాకా బిగించి ఉన్నాయి. కేబుల్ అటూ ఇటూ ఉబ్బి, నడుమ రబ్బరుబ్యాండు వేసిన వేలిలా నొక్కుకుపోయింది. పైకి వెళ్లినకొద్దీ ఇంకా ఎక్కువ. పొడుగుపిడి పానా ఎందుకు కావలసివచ్చిందో ఇప్పుడు తెలిసింది. చేసిన మనిషి కింద నిలబడి తాడు పట్టుకుని ఉన్నాడు. నిన్న ఈ మనిషే క్యారేజీ మూతతో ఆడుకుంటూ తనను బలిచ్చాడు. కిందికి దిగి అందరిముందూ ఏమేమి అనాలో చిన్నల్లుడు మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాడు. మంచిమంచి మాటలే దొరికాయి.

పేర్చుకుంటూ చెయ్యి టవరు కాలి మీద ఆనించాడు. చేతికి మురికి అంటుకోలేదు. అది వింతగా అనిపించి చూశాడు. టవరంతా దుమ్ము, పిట్టల రెట్టలు, పొడిగా రాలే తుప్పు. ఇక్కడ మాత్రం గుండె ఎత్తున జానెడు మేర శుభ్రంగా తుడిచినట్టుంది. కిందికి చూశాడు. నలిగిన ప్రతి క్లాంపు పక్కనా కాలి మీద అలాంటి శుభ్రమైన చోటే. ఒక బోల్టు తలకు నీలం చొక్కా పోగు చిక్కుకుని గాలికి ఊగుతోంది. పెద్దల్లుడు మొన్న వేసుకున్న చొక్కా నీలందే.

చిన్నల్లుడు ఎడమచెయ్యి చాపి ఆ కాలిని కావలించుకుని చూశాడు. అతని రొమ్ము సరిగ్గా ఆ శుభ్రమైన చోట ఆనింది. అలా ఉండి కుడిచెయ్యి చాపితే పొడుగుపిడి పానాతోనే బోల్టు అందుతుంది. బొటనవేలు పెట్టడానికి ఇక చెయ్యి లేదు. ఒంటిచేత్తో బోల్టు తిప్పేవాడికి అది ఇక తిరగనని మొరాయిస్తే తప్ప ఎక్కడ ఆపాలో తెలియదు. పట్టుకోవడానికి నడుముకు బెల్టుంది, బెల్టుకు రెండు కొక్కేలున్నాయి. వాటిని నమ్మినవాడికి రెండు చేతులూ ఖాళీయే. ఈ మనిషి నమ్మలేదు. క్లాంపు క్లాంపుకూ ఈ ఇనుప కాలిని చంటిపిల్లవాడిలా పట్టుకుని వేలాడాడు.

చివరిదాకా ఎక్కాడు. పైన గాలి ఎక్కువగా ఉంది. టవరు కొద్దిగా ఊగుతోందని కింద ఉన్నవాళ్లకు ఎప్పటికీ తెలియదు. కంచె ఒక గీతలా, వ్యాను అగ్గిపెట్టెలా కనిపించాయి. కళ్లు తిప్పుకుని కమ్మీకి దగ్గరగా జరిగాడు. అవసరమేమీ లేకుండానే అతని చెయ్యి తాడు మీదికి పోయి ఒకసారి లాగింది. వెంటనే కిందినుంచి ఒక లాగుడు జవాబొచ్చింది. ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది.

ఆ ఊరికే లాగుళ్లకు అర్థం అప్పుడు తెలిసింది. కోపం అలాగే ఉంది. దాని పక్కనే సిగ్గు కూడా వచ్చింది, ఇన్నాళ్లు ఆ తాడు పైకొసన ఒక మనిషి ఉన్నాడని తనకు తట్టనందుకు.

దిగేసరికి అందరూ కాలి దగ్గరే నిలబడి ఉన్నారు. ఏం కనిపించిందని ఇంజనీరమ్మ అడిగింది. సగం నుంచి పైదాకా క్లాంపులు మరీ బిగిశాయని చెప్పాడు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. కాంట్రాక్టరు పెద్దల్లుడివైపు తిరిగాడు.

"నేనే బిగించాను" అన్నాడు పెద్దల్లుడు.

"ఇన్నేళ్లుగా చేస్తున్న పని. ఏమొచ్చింది నీకు?"

పెద్దల్లుడు నోరు తెరిచాడు. మెడమీద నరం కదిలింది, అంతే. టవర్ల మీద గద్ద అని పేరు పడ్డ మనిషి, నేలమీద నిలబడి అలా నోరు తెరుచుకుని ఉండటం చిన్నల్లుడు చూడలేకపోయాడు. పైన పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తులేదు.

"మా అన్నయ్యకి భుజం నొప్పండి" అన్నాడు. "ఎడమ చెయ్యి లేవట్లేదు. ఒంటిచేత్తో బిగించాడు."

అందులో సగం నిజం. ఆ సగం ఎంత గట్టిదంటే మిగతా సగాన్ని ఎవరూ అనుమానించలేదు. ఇంజనీరమ్మ ఒకసారి పెద్దల్లుడి చేతులవంక చూసి ఊరుకుంది. నొప్పైతే ముందే చెప్పి ఏడవచ్చు కదా అని కాంట్రాక్టరు విసుక్కున్నాడు. నలిగిన కేబుల్ మళ్లీ ఉబ్బదు కాబట్టి కొత్త డ్రమ్ము ఎలాగూ తప్పదు. చిన్నల్లుడిని దారి చూసుకోమన్న మాట ఏమైందో ఆయన చెప్పలేదు. వ్యానెక్కండి అన్నాడు. ఎక్కారు.

సందు మొదట్లో దిగి ఇద్దరూ నడిచారు. కూరగాయల బండి దాటారు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు చిన్నల్లుడు.

"తెలీదు. ఏమీ జరగలేదు. జారలేదు, పడలేదు. ఒకరోజు పైన చెయ్యి వదులుదామంటే వదల్లేదు." పెద్దల్లుడు అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. "నువ్వు పైకొస్తే కింద ఇంకెవడో ఉంటాడు. ఇంకెవడో ఉంటే నేను ఎక్కలేను. అందుకే నిన్ను రానివ్వలేదు తమ్ముడూ. నిన్న నేను నోరెత్తాల్సింది."

"ఎత్తాల్సింది."

పోనీలే అని అనలేదు చిన్నల్లుడు. అనాలనిపించలేదు. ఇద్దరూ పక్కపక్కనే నడిచి ఇల్లు చేరారు.

ఇంట్లో భుజం కథ అప్పటికే చేరిపోయి ఉంది. అత్తగారు ఎక్కడినుంచో ఒక నొప్పినూనె సీసా తెప్పించింది. పెద్దల్లుడిని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, తన బలమంతా పెట్టి రుద్దింది. ఇక్కడా నొప్పి అంటే అవునన్నాడు. ఇక్కడా అంటే అక్కడా అన్నాడు. ఆ ఘాటుకు ఇంట్లో అందరి కళ్లవెంటా నీళ్లే. రాయిలాంటి భుజాన్ని అలా నలిపించుకోవడం కూడా ఒక శిక్షే అనుకుని చిన్నల్లుడు మొదటిరోజు లోలోపల సంతోషించాడు. రెండోరోజు వదినగారు అతను చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వచ్చింది.

"అక్కడ ఏ భుజమని చెప్పారు మరిదిగారూ?"

"ఎడమ."

"అమ్మ రెండు రోజులుగా కుడిభుజం రుద్దుతోంది" అంది. చిన్నల్లుడు తల వంచుకుని చెప్పు పట్టీ పెట్టుకున్నాడు. ఆయన నిద్రలో మంచంకోడు పట్టుకుంటున్నారని, మనిషి లేచినా చెయ్యి వదలడం లేదని చెప్పి, క్యారేజీలు తేవడానికి లోపలికి వెళ్లింది.

కొత్త డ్రమ్ము వచ్చిన రోజు ఆకాశం మబ్బుగా ఉంది, గాలి లేదు, పనికి మంచి రోజు. ఈసారి డ్రమ్మును నిలబెట్టిందీ గోనెలు పరిచిందీ మేజోడు తొడిగిందీ పెద్దల్లుడు. చిన్నల్లుడు బెల్టు కట్టుకుని మొదటి కమ్మీ మీద కాలు పెట్టాడు. కాంట్రాక్టరు మంచి హుషారులో ఉన్నాడు. ఈ ఒక్కసారికీ తమ్ముడు ఎక్కుతాడని, భుజం తగ్గగానే కొండమీది టవరు పెద్దల్లుడిదేనని, అది దీనికి రెండింతల ఎత్తని, అతను తప్ప దాన్ని ఎక్కే మొనగాడెవడున్నాడని పొగుడుతున్నాడు.

చిన్నల్లుడి కాలు కమ్మీమీదే ఆగింది. తను ఆడిన అబద్ధం అన్నయ్యను కాపాడిందనుకున్నాడు. భుజం నొప్పన్నాక అది ఎప్పుడో ఒకప్పుడు తగ్గి తీరాలి కదా అన్న ఆలోచన అతనికి రాలేదు. తగ్గితే రెండింతల ఎత్తు. ఈసారి కేబుల్ నలగడంతో పోతుందో, మనిషే పోతాడో. భుజం తర్వాత నడుము, నడుము తర్వాత మోకాలు, చెప్పుకుంటూ పోవడానికి ఒంట్లో భాగాలకు కొదవలేదు. ఇంకో అబద్ధానికి నోరు తెరవబోయాడు.

"నా భుజానికేం కాలేదండి" అన్నాడు పెద్దల్లుడు.

కాంట్రాక్టరు నవ్వుతూనే చూశాడు.

"భయం. పైన చెయ్యి వదల్లేకపోతున్నాను. చాలా రోజులైంది. తమ్ముడు నా పరువుకోసం అలా చెప్పాడు. ఇక నేను ఎక్కను."

మాటలు తడబడలేదు. డ్రైవరు తలదించుకున్నాడు. కాంట్రాక్టరు టవరు పైకి చూశాడు, పెద్దల్లుడిని చూశాడు, మళ్లీ టవరును చూశాడు. ఆయన ఎప్పుడూ మూడో కమ్మీ దాటి ఎక్కి ఎరగడు.

"మరి కింద?"

"కింద నా చెయ్యి బాగానే ఉంటుంది."

"సరే, కానివ్వండి. వానొచ్చేలా ఉంది."

అంతే. ఎన్నాళ్లుగానో మోస్తున్నది దించడానికి అంతసేపే పట్టింది. తన మీద పడిన నింద గురించి ఎవరైనా ఏమైనా అంటారేమోనని చిన్నల్లుడు ఒక్క క్షణం చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఎక్కాడు.

మేజోడు కొక్కేనికి తగిలించాడు. బెల్టు మీద బరువు వేసి వెనక్కి వాలాడు. రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. బొటనవేలు కేబుల్ మీద పెట్టి మొదటి బోల్టు తిప్పాడు. వేలికింద కదలిక ఆగింది, పానా తీసేశాడు. యాంటెన్నా దగ్గరి జాయింటుకు టేపు కిందినుంచి పైకి చుట్టాడు, వాన పొరలమీదుగా జారిపోయేలా. మధ్యలో రెండుసార్లు తాడును ఊరికే లాగాడు. రెండుసార్లూ జవాబొచ్చింది. కింద భవనంలోకి దూరేముందు కేబుల్‌ను ఒక వంపు తిప్పి వేలాడదీశారు, నీళ్లు ఆ వంపు అడుగునుంచి కారిపోవడానికి. మీటరు తగిలించినప్పుడు గీత తిన్నగా సాగింది. బాగుంది అని ఇంజనీరమ్మ సంతకం పెట్టింది. వాన వ్యానెక్కాక మొదలైంది.

ఆ సాయంత్రం పెద్దల్లుడు అత్తగారికీ తనే చెప్పుకున్నాడు. కాంట్రాక్టరుకు చెప్పినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. ఆమె మధ్యలో అడ్డు తగలకుండా విన్నది. నూనె సీసా తీసి అటక మీద పెట్టేసింది. ఇంట్లో రెండు రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. గద్ద రెక్కలు ముడుచుకుంటే వీధికి ఏమి చెప్పాలో ఆమె ఆలోచిస్తోందని చిన్నల్లుడి భార్య అంది.

ఆదివారం చిన్నల్లుడు పెరట్లో తాడు ఉతికి ఆరేస్తున్నాడు. భార్య అటు కొస పట్టుకుంది. గోడ అవతలినుంచి పక్కింటావిడ, పెద్దల్లుడు టవర్లు ఎక్కడం మానేశాడటగా, ఏమైంది అని అత్తగారిని అడుగుతోంది. చిన్నల్లుడి చేతులు ఆగాయి.

"ఎక్కడానికేముందమ్మా" అంది అత్తగారు. "బెల్టు కట్టుకుంటే ఎవరైనా ఎక్కుతారు. ఆ పైవాడి ప్రాణమంతా కింద తాడు పట్టినవాడి చేతిలో ఉంటుంది. అది ఎవరికి పడితే వాళ్లకి అప్పజెప్పే పని కాదు. అందుకని ఆ పని ఇప్పుడు మా పెద్దల్లుడే చూసుకుంటున్నాడు."

భార్య చేతిలోని తాడు కింద పడేసింది. ఇన్నేళ్లు ఆ పని చేసింది ఎవరు, ఒక్కనాడైనా ఈ మాట వచ్చిందా, ఇప్పుడే అడిగి కడిగేస్తాను అని గుమ్మంవైపు బయల్దేరింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నల్లుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. అతనికి నవ్వు వచ్చింది. తాడు గురించి ఆవిడ చెప్పేదాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదని పైకెక్కి చూసి వచ్చిన అతనికి తెలుసు.

"వద్దులే" అన్నాడు. "ఆ పని గురించి ఈ ఇంట్లో ఒక మంచిమాట వినడం నాకిదే మొదటిసారి. కాసేపు విననీ."